అమ్మమ్మ వెనక చేతులు

మా అమ్మ ఎవరి భుజం మీదా చెయ్యి వేసే మనిషి కాదు. నాన్న భుజం మీద వెయ్యలేదు, నా భుజం మీద వెయ్యలేదు, పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫర్లు "కొంచెం దగ్గరికి జరగండమ్మా" అని బతిమాలినా వెయ్యలేదు. అలాంటిది, అమ్మ పోయి నెల తిరక్కముందే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. అందులో అమ్మ మా కరుణ పిన్ని భుజం చుట్టూ చెయ్యి వేసి, పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. వెనకాల ఎక్కడివో గులాబీ తీగలు. పెట్టింది పిన్ని మనవరాలు. ఫోన్లో ఏదో యాప్ ఉందట, వేర్వేరు ఫోటోలు రెండిస్తే ఇద్దరినీ కలిపి ఒకటి చేసి పెడుతుందట. క్షణాల్లో అందరూ ఎర్ర గుండెకాయలు గుప్పించారు. నేను ఊరుకోలేదు. ఊరుకోవడం నాకు చిన్నప్పుడూ రాలేదు, యాభై దగ్గర పడుతున్న ఇప్పుడూ రాలేదు. "ఆ చెయ్యి మా అమ్మది కాదు" అని రాశాను. "ప్రేమగా పెడితే అందులోనూ తప్పులేనా పెద్దమ్మా" అని ఆ పిల్ల బదులిచ్చింది. ప్రేమ సంగతి నేనడిగానా? చెయ్యి సంగతి అడిగాను. ఫోటోలో ఉన్నది నున్నటి చెయ్యి, తీర్చినట్టున్న గోళ్లు. మా అమ్మది సుద్దముక్కలు పట్టుకుని పట్టుకుని ఎండిపోయిన చెయ్యి, చిటికెనవేలు కాస్త లోపలికి వంగి ఉంటుంది.

సాయంత్రం పరిటాల నుంచి పిన్నే ఫోన్ చేసింది. "గ్రేసూ, నా భుజం మీదున్న ఆ చెయ్యి ఎవరిదే?" అంది. "యాప్‌ది పిన్నీ," అన్నాను. "అంటే?" "అంటే ఎవరిదీ కాదు." వెనకాల కుక్కర్ కూత వినపడుతోంది. "మరి మీ అమ్మ చెయ్యి నీ దగ్గరుండాలిగా," అంది. ఉంది. పిన్ని చెయ్యి కూడా ఉంది. ఆ రెండూ నా దగ్గరికెలా వచ్చాయో చెప్పాలంటే జగ్గయ్యపేట బస్టాండు దగ్గర సుభానీ బాబాయి స్టూడియోకి వెళ్లాలి.

సుభానీ బాబాయి మాకు చుట్టం కాదు, నాన్నకి స్నేహితుడు. నాన్న పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీలో కార్మికుల కార్డులకి ఫోటోలు తీయడానికి వచ్చి, అలా మా ఇంటి మనిషయ్యారు. నేను డిగ్రీ ముగించి, బి.ఇడి. సీటు కోసం ఎదురుచూస్తూ, ఇంట్లో ఉన్న ప్రతి మనిషితోనూ వాదన పెట్టుకుంటున్న కాలం అది. చారులో బెల్లం వెయ్యాలా వద్దా అన్నదాని మీద కూడా నాకొక గట్టి అభిప్రాయం ఉండేది. అమ్మ బడి నుంచి గొంతు పోగొట్టుకుని వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే నేను మొదలుపెట్టేదాన్నట. "దీన్ని ఎక్కడన్నా కూర్చోబెట్టండి. నలభై మంది పిల్లలు ఒక ఎత్తు, ఇదొక్కతీ ఒక ఎత్తు," అని నాన్నతో అంది. అలా నన్ను తీసుకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. కంప్యూటర్‌తో వాదించడం కుదరదని వాళ్ల ధీమా.

ఆ గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లాలి. ఇవాళ్టి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో కంప్యూటర్ ఉన్న గదికి అంత మర్యాద ఉండేది. ఊరంతా ఎండకి ఉడికిపోతుంటే ఆ గదిలో ఏసీ నడిచేది. అది మా కోసం కాదు, ఆ పెట్టె కోసం. సాయంత్రం దాని మీద పూల గుడ్డ కప్పి మరీ వెళ్లేవాళ్లం, ఎందుకంటే మా ఊళ్లో సిమెంటు దుమ్ము ఎక్కడ లేదు గనక, ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద, మూత తీసిన పెరుగు మీద కూడా. ముందు గదిలో గోడకి అద్దం, తాడుతో కట్టిన దువ్వెన, పౌడరు డబ్బా. లోపలి గదిలో కొత్త ఫోటో కాగితం వాసన, దాని మీద పక్క హోటల్ నుంచి వచ్చే మైసూరు బజ్జీల వాసన. ఈ రెండూ కలిసిన వాసన నాకు ఇంకెక్కడా తగల్లేదు.

మేము చేసే పనిని అందరూ మిక్సింగ్ అనేవారు. నాలుగు ఫోటోల్లోంచి నలుగురిని కత్తిరించి తెచ్చి ఒక్క ఫోటోలో నిలబెట్టడం. గాజుపలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అనుకోండి. ఒక్కో పలక మీద ఒక్కో మనిషి. ఆ పలకలనే లేయర్లు అంటారు. పై పలక మీది మనిషి కింది పలక మీది మనిషిని కప్పుతాడు. పలక పేరు పక్కన చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే మనిషి మాయం, మళ్లీ నొక్కితే హాజరు. ఈ విద్యతో నేను మునేరు దాటని మనుషుల్ని మంచుకొండల ముందు నిలబెట్టాను, కువైట్‌లో ఉన్న కొడుకుని చెల్లెలి పెళ్లి పందిట్లో కూర్చోబెట్టాను. ఒకసారి వెలుతురు కుదరలేదని ఒక కొత్త కోడల్ని అద్దంలో బొమ్మలా తిప్పేస్తే, పైట కుడి భుజం మీదకి పోయింది. అత్తగారు కౌంటర్ దగ్గర నిలబడి, "మా ఇంటికొచ్చి వారం కాలేదు, అప్పుడే పైట మార్చేసిందా," అంది. సుభానీ బాబాయి నవ్వాపుకోలేక టీ తాగే నెపంతో బయటికి వెళ్లిపోయారు.

మా అమ్మమ్మ మరియమ్మ నందిగామలో ఉండేది, చందర్లపాడు రోడ్డు వైపు పెంకుటింట్లో, ఒక్కతే. తాతయ్య బడి పంతులు, అప్పటికే పోయారు. అమ్మమ్మ పొలం పనులు మానేసినా మిరప కళ్లాలు మొదలయ్యాక ఆవిడ్ని ఆపడం ఎవరి వల్లా కాదు. పక్కింటి వాళ్ల వాకిట్లో కూర్చుని తొడిమలు తీస్తూనే ఉండేది. ఇంట్లో దిండ్లకీ కోరే, దుప్పట్లకీ కోరే, అంటే ఆ మిరప ఘాటు. మేము గడప దాటగానే తుమ్మేవాళ్లం. ఆ మిరపకాయల చేత్తో ముట్టుకుంటే మా మొహాలు మండుతాయని అమ్మమ్మ ఎప్పుడూ అరచెయ్యి ఆనించేది కాదు. చెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ల కణుపులతో బుగ్గ నిమిరేది. పండగ రోజు, చేతులు కడుక్కుని శుభ్రంగా ఉన్న రోజు కూడా అలాగే నిమిరేది. అలవాటు.

ఆవిడకి ఇద్దరే కూతుళ్లు, మా అమ్మ రత్నం, పిన్ని కరుణ. ఇద్దరికీ ఇష్టమైన కూర ఒకటే, గోంగూర మాంసం. ఆ కూర అమ్మమ్మ వారానికి రెండుసార్లు వండేది, ఎందుకంటే ఇద్దరూ ఒకే రోజున వచ్చేవారు కాదు. అమ్మ ఆదివారం ఆరాధన కాగానే వచ్చేది, పిన్ని సోమవారం వచ్చేది. ఆదివారం మిగిలిన కూర సోమవారం పెట్టొచ్చుగా అని నేనొకసారి అడిగితే, "దానికి మిగిలింది పెట్టానని తెలిస్తే మళ్లీ అదొకటి," అంది అమ్మమ్మ. గొడవ ఎక్కడ మొదలైందంటే తాతయ్య సంవత్సరీకం ప్రార్థన కూడికలో. తాతయ్య ఉన్నప్పుడు ఇద్దరు కూతుళ్లకీ ఒకే అచ్చు కమ్మలు చేయించారు, నడుమ ఎర్రరాయి. అమ్మ తాతల నాటి పెద్ద చర్చిలోనే ఉండిపోయింది; అక్కడ గంట, బెంచీలు, క్రిస్మస్‌కి పట్టుచీరలు. పిన్ని పెళ్లయి పరిటాల వెళ్లాక అక్కడ కొత్త మందిరంలో చేరింది. వాళ్ల ఆడవాళ్లు నగ పెట్టుకోరు, తెల్లచీర కడతారు. ఆ రోజు కూడికకి పిన్ని బోసి చెవులతో వచ్చింది. అమ్మ వడ్డిస్తూ చూసింది. "కమ్మలేవే?" "మందిరం కడుతున్నారక్కా, కానుకిచ్చా." అమ్మ గరిటె గిన్నెలో పడేసి, "నాన్న చేయించినవి నాన్న కూడికకి లేకుండా వస్తావా?" అంది. "నాన్న ఇప్పుడున్న చోట వాటితో పనేముందక్కా? నువ్వు కూడా తీసేస్తే మంచిదే," అంది పిన్ని. ఇద్దరికీ ఒకటే అలవాటు, మాట పెరిగే ముందు పైట చెంగు లాగి నడుముకి దోపుకోవడం. ఆ రోజు ఇద్దరూ ఒక్కసారే దోపుకున్నారు. అంతే. నేను ఇంటర్లో ఉండగా మొదలైన ఆ మౌనం, డిగ్రీ అయిపోయినా తెగలేదు.

ఒక ఆదివారం అమ్మ పెరట్లో ఉండగా అమ్మమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏమే గ్రేసూ, వేర్వేరుగా ఉన్నోళ్లని ఒక ఫోటోలో పెడతావంటగా నువ్వు?" "పెడతా అమ్మమ్మా." "అయితే మా ముగ్గుర్నీ పెట్టు. నన్నూ, నా ఇద్దరు పిల్లల్నీ." నేను ఊరుకోకుండా, "వాళ్లిద్దర్నీ ఒకరోజు పిలిచి నిజం ఫోటోయే తీయించొచ్చుగా, నువ్వు పిలిస్తే రారా?" అన్నాను. అమ్మమ్మ నా మొహంలోకి చూసింది. "పిలిచి, రాకపోతే? ఇప్పుడు నా కోసం వంతులేసుకునైనా వస్తున్నారు. నేను పోయాక ఈ గడపలో వాళ్లకి పనేముందే? ఒకదాని సంగతి ఒకదానికి తెలిసే దారి ఇదొక్కటే, అదీ మూసుకుపోద్ది. ముందు ఫోటోలో పక్కపక్కన చూడనీ. తర్వాత సంగతి తర్వాత." ఆవిడ ఆ మాట దిగులుగా అనలేదు, చింతపండు పిక్క తీస్తూ అంది. అలాగేనన్నాను.

అమ్మ ఫోటో స్టూడియోలోనే తీశారు సుభానీ బాబాయి, గంజి పెట్టిన చీరలో, మెడలో గొలుసుతో, ఇన్‌స్పెక్షన్‌కి నిలబడ్డట్టు నిలబడింది. పిన్ని ఫోటో నేను పరిటాల వెళ్లి వాళ్ల వరండాలో తీసుకొచ్చాను. నీలిమందు పెట్టి ఉతికిన తెల్లచీర ఎండలో కళ్లు జిగేల్మనిపించింది. అమ్మమ్మని వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి తీశాను. మూడూ స్కాన్ చేసి కత్తిరించాను. ముందు అమ్మమ్మ, వెనక ఎడమన అమ్మ, కుడిన పిన్ని. అమ్మమ్మ లేయర్ అన్నిటికంటే పైన. ఆవిడ భుజాలూ కుర్చీ వీపూ కూతుళ్లిద్దరి లోపలి వైపు చేతుల్ని కప్పేస్తాయి గనక ఆ చేతుల్ని నేను కత్తిరించలేదు. కనపడనిదాని కోసం ఎవరూ గంటలు గంటలు అంచులు చెక్కరు. మిక్సింగ్ చేసే వాళ్లందరూ అలాగే చేస్తారు.

ఇంట్లో అమ్మ ప్రింటు చూసింది. తన మొహం చూసుకోలేదు, పిన్ని మొహం దగ్గరికి తీసుకుని చూసింది. "చిక్కిపోయింది," అంది. వెంటనే, "బోసి చెవులు. చూడలేకపోతున్నా. కమ్మలు పెట్టు," అంది.

"పిన్ని ఒప్పుకోదు."

"దాన్నెవరడిగారు? నేను కంప్యూటర్ని అడుగుతున్నా."

"ఫోటో అమ్మమ్మది, చెవులు పిన్నివి. మధ్యలో నీ పెత్తనమేంటమ్మా?"

"కమ్మలు మా నాన్నవి," అంది అమ్మ. "అవి లేకుండా దాని పక్కన నన్ను పెట్టొద్దు."

పెట్టాను. రెండు జతలూ ఒకే అచ్చు కదా, అమ్మ చెవి నుంచే కమ్మ తీసి, చిన్నది చేసి, పిన్ని చెవులకి అతికించి, దానికి వేరే లేయర్ పెట్టుకున్నాను, నచ్చకపోతే కన్ను మూసేయొచ్చని. ఆ ప్రింటు పట్టుకుని పరిటాల వెళ్లాను. పిన్ని బియ్యం చాటలో రాళ్లు ఏరుతోంది. ఫోటో అందుకుని, తన చెవి తమ్మెని వేళ్లతో తడుముకుంది.

"మీ అమ్మ పెట్టమందా?"

"అవును. నువ్వు కాదంటే తీసేస్తా."

"నేను దేవుడికిచ్చింది మళ్లీ నా చెవికి తగిలించడానికి మీరెవరే?"

నేను ఊరుకోవాల్సింది. "దేవుడు మనుషుల్ని చెవులు చూసి లెక్కేసుకుంటాడా పిన్నీ? తాతయ్య గుర్తుగా ఉంచుకుంటే ఏమన్నా అంటాడా?" అన్నాను. ఆవిడ చాట పక్కన పెట్టింది. "మా ఆయనకి జ్వరం తలకెక్కి మాట పడిపోయినప్పుడు ఆ మందిరంలో వాళ్లే వంతులేసుకుని మంచం దగ్గర కూర్చున్నారు. ఆయన లేచి గంజి తాగిన రోజు, నా దగ్గరున్నవాటిలో ఇంతకన్నా ప్రియమైనది లేదని ఇచ్చా. నాన్న చేయించినవాటిని విలువ లేక ఇచ్చేశానని మీ అమ్మ అనుకుంటోంది. విలువ లేందైతే ఇవ్వడమెందుకే?" అంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "అంతగా కమ్మలు పెట్టాలనుంటే ముందు దాని మెళ్లో గొలుసు తీసి చూపించమను," అంది. "గొలుసు తీస్తే అమ్మ నన్నే ఇంట్లోంచి తీసేస్తుంది," అన్నాను. నవ్వు రాబోయి ఆపుకుంది. వచ్చేటప్పుడు మాత్రం, ఫోటోలో అమ్మ వైపు వేలు పెట్టి, "కళ్లద్దాలు ఎప్పటి నుంచే?" అని అడిగింది.

ఇద్దరూ నన్నే అడుగుతారు ఒకరి సంగతి ఒకరు. నేను విసిగిపోయి ఒక ఉపాయం ఆలోచించాను: అమ్మ ఇంటికి కమ్మలున్న ఫోటో, పిన్ని ఇంటికి కమ్మలు లేని ఫోటో. ఎవరింటికి ఎవరు వెళ్లొచ్చారు గనక? మరి అమ్మమ్మ ఇంట్లో ఏది పెట్టాలి? అది తేల్చడానికి అమ్మమ్మే ఒక మధ్యాహ్నం బస్సెక్కి జగ్గయ్యపేట వచ్చేసింది. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో చలికి కొంగు కప్పుకుని, నా పక్క స్టూలు మీద కూర్చుంది. నేను కన్ను నొక్కి కమ్మలు మాయం చేశాను, మళ్లీ నొక్కి తెప్పించాను. అమ్మమ్మకి ఆ ఆట నచ్చింది. "ఏదీ, రత్నాన్ని తియ్యి. పెట్టు. కరుణని తియ్యి. పెట్టు," అంటూ కాసేపు ఆడించింది. తర్వాత, "ఇప్పుడు నన్ను తియ్యి," అంది.

నేను ఏమీ ఆలోచించకుండానే నొక్కాను. అమ్మమ్మా కుర్చీ మాయమయ్యాయి. మధ్యలో గళ్ల గళ్ల ఖాళీ. అటొకరు, ఇటొకరు, ఇద్దరికీ లోపలి వైపు చెయ్యి లేదు. మా అమ్మకి ఎడమ చెయ్యి భుజం దగ్గర తెగిపోయి ఉంది, పిన్నికి కుడి చెయ్యి లేదు.

అమ్మమ్మ స్క్రీను దగ్గరికి వంగింది. "చేతులేవే వీళ్లకి?"

"నువ్వు అడ్డం ఉన్నావుగా అమ్మమ్మా. వెనక ఉన్నవి కనపడవని పెట్టలేదు."

"నేను లేకపోతే ఇద్దరూ ఇంతేనన్నమాట."

"ఫోటోలో నువ్వుంటావుగా, ఇవెవరికి కనపడతాయి?" అని నేను మొదలుపెట్టాను. చేసే పని గురించి నాకున్న జ్ఞానమంతా చెప్పాను. అమ్మమ్మ అంతా విని, "కమ్మల సంగతి తర్వాత. ముందు చేతులు పెట్టు," అంది.

"వాళ్లని మొదట తీసిన ఫోటోల్లోంచి తీసుకురావచ్చు," అన్నాను గానీ, చూస్తే వాటిలో పనికొచ్చే చెయ్యి లేదు. అమ్మ ఆ చేత్తో హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నిలబడింది, పిన్ని ఆ చెయ్యి పైట కింద పెట్టుకుంది. "మళ్లీ తీయాలి," అన్నారు సుభానీ బాబాయి గుమ్మంలోంచి. "అయితే పిలువు నాయనా ఇద్దర్నీ," అంది అమ్మమ్మ. "మీ అమ్మ పిలిచిందని కాదు. చెయ్యి సరిగ్గా రాలేదు, చెయ్యి ఇచ్చి పొమ్మన్నారని చెప్పు." ఇంతకాలం పిలవడానికి భయపడ్డ మనిషి, పిలవడానికి ఇంత చిన్న సాకు దొరికేసరికి కూర్చున్న చోటే లేచి నిలబడింది. నాకది గుర్తు.

వచ్చారు. ఆ వారంలోనే, అమ్మమ్మ మళ్లీ బస్సెక్కి వచ్చిన రోజున, అమ్మ బడి నుంచి మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చింది, పిన్ని పరిటాల నుంచి వచ్చింది. ఎవరికీ రెండోవాళ్లు వస్తున్నారని చెప్పలేదు, అది సుభానీ బాబాయి తెలివి. పిన్ని గుమ్మంలో అమ్మని చూసి ఆగింది. అమ్మ గోడ మీది దువ్వెన వైపు చూసింది. అమ్మమ్మ ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఇద్దరి వైపూ చూడకుండా తన వేళ్లు చూసుకుంటోంది. ఆవిడ ఎంత భయపడిందో నాకు అప్పుడు తెలిసింది. వాళ్లలో ఒక్కరు వెనక్కి తిరిగి మెట్లు దిగితే ఆవిడ ఆశ అక్కడితో సరి. సుభానీ బాబాయి ఏమీ ఎరగనట్టు చిన్న బల్ల తెచ్చి, నల్లగుడ్డ పరిచి, "టీచరమ్మా, ఎడమ చెయ్యి ఇలా పెట్టండి. కరుణమ్మా, నువ్వు కుడి చెయ్యి. వెలుగు ఒకటే ఉండాలి, రెండూ కలిపే తీస్తా," అన్నారు. అది వట్టి మాట, వేర్వేరుగా తీసినా నేను సర్దగలను. ఆ ఒక్కసారికి నోరు మూసుకున్నాను.

రెండు చేతులూ నల్లగుడ్డ మీద పడ్డాయి. మొహాలు మాత్రం అటొకటీ ఇటొకటీ. ఒకదానికి గాజులు, ఒకటి బోసి. సుభానీ బాబాయి కెమెరా వెనక కావాలనే ఆలస్యం చేస్తున్నారు, "ఉండండి, కదలొద్దు, వెలుగు సరిపోలేదు," అంటూ. కదలకుండా ఎంతసేపని కూర్చుంటారు? అమ్మ చూపు మెల్లగా బల్ల మీదకి వచ్చింది. పిన్ని మణికట్టు పైన అరచెయ్యంత మచ్చ, చర్మం ముడతపడి ఉంది.

"అదేంటి?" అంది అమ్మ, బల్లనడుగుతున్నట్టు.

"నూనె పడింది."

"ఎప్పుడు?"

"నువ్వు మాట్లాడనప్పుడు," అంది పిన్ని.

అమ్మ చిటికెనవేలు కదిలింది. "కదలొద్దన్నానా టీచరమ్మా," అన్నారు సుభానీ బాబాయి. "నువ్వుండు అన్నయ్యా," అంది అమ్మ. తర్వాత, "ఏం రాశావు దానికి?" అంది. "ఏం రాస్తాం, పసుపూ కొబ్బరినూనె." "బుద్ధుందా నీకు? నందిగామలో డాక్టరున్నాడుగా." "ఉన్నాడు. అక్కెక్కడుంది తీసుకెళ్లడానికి?" "అక్క ఉన్న చోటే ఉంది. కమ్మలిచ్చేటప్పుడు అక్కనడిగావా?" "అడిగితే ఇవ్వనిచ్చేదానివా?" ఇద్దరి గొంతులూ పెరిగాయి. పైట చెంగు నడుముకి దోపుకోవాలంటే బల్ల మీది చెయ్యి తీయాలి. తీయొద్దన్నారు గనక ఇద్దరూ తీయలేదు. అలాగే, చేతులు పక్కపక్కన పెట్టుకుని, కమ్మల దగ్గర్నుంచి గోంగూర దాకా అన్నీ తిట్టుకున్నారు. అమ్మమ్మ కుర్చీలోంచి లేవలేదు. బజ్జీల వాసన వస్తుంటే "నాకు రెండు తెప్పించు గ్రేసూ, ఆకలేస్తోంది," అంది.

ఆ చేతుల ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. పిన్ని అడిగితే మొన్న పంపించాను. మా అమ్మా పిన్నీ కలిసి దిగిన అసలు ఫోటో అదొక్కటే, మొహాలు లేకుండా. ఆ చేతుల్ని కత్తిరించి అమ్మమ్మ వెనక పెట్టాను. ప్రింటు వేస్తే ఒక్క గోరు కూడా కనపడలేదు, అయినా పెట్టాను. కమ్మలు పెట్టలేదు, అమ్మమ్మ వద్దంది. "దాని చెవి, దాని ఇష్టం," అంది. అమ్మ చివరి దాకా ఆ ఫోటో ముందు నిలబడ్డప్పుడల్లా "బోసి చెవులు" అని గొణుగుతూనే ఉంది. పిన్ని కూడా "గొలుసు" అని గొణుగుతూనే ఉంది. రాజీ అనేది ఎవరూ పడలేదు, మా వంశంలో ఆ అలవాటు లేదు.

మనవరాలి యాప్ గురించి ఇంకా వాదించొచ్చు. "నువ్వు చేసిందీ అబద్ధమేగా పెద్దమ్మా" అని ఆ పిల్ల అడగనే అడిగింది. అబద్ధమే, కాదన్లేదు. మా రోజులు గొప్పవనీ ఇప్పటివి నేలబారువనీ అనే రకం కాదు నేను. నా దగ్గరుంటే నేనూ ఆ యాప్‌నే వాడేదాన్ని, అంచులు చెక్కీ చెక్కీ మెడ పట్టేసిన రోజుల మీద నాకేం మోజు లేదు. కానీ నా అబద్ధంలో చెయ్యి తక్కువైతే ఆ చేతి తాలూకు మనిషి బస్సెక్కి రావాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోనే చెయ్యి పుట్టించి ఇస్తుంది, ఎవరూ రానక్కర్లేదు. పని తేలికైంది, నిజమే. అమ్మమ్మ అడిగిన పని మాత్రం అది కాదు.

ఆ సాయంత్రం విజయవాడ బస్సు వచ్చేసరికి చీకటి పడలేదు ఇంకా. అమ్మమ్మ నందిగామలో దిగాలి, పిన్ని ఆ బస్సులోనే పరిటాల పోవాలి. మా ఇల్లు స్టూడియో వెనక రెండు వీధుల అవతలే. అమ్మ వాళ్లని ఎక్కించడానికి వచ్చింది, హ్యాండ్‌బ్యాగు చంకలో పెట్టుకుని, ఇంకా డాక్టరు గురించే ఏదో అంటోంది. పిన్ని మెట్టు మీద నిలబడి దానికి బదులు చెబుతోంది. కండక్టరు "ఎక్కేవాళ్లు ఎక్కండమ్మా, మాటలు లోపల మాట్లాడుకోండి," అన్నాడు. బస్సు కదిలింది. తిరిగి చూస్తే నా పక్కన అమ్మ లేదు.

ఇంటికెళ్లి అన్నం నేనే వండాను. నాన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చి, సిమెంటు దుమ్ము దులుపుకుని, కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నారు. "మీ అమ్మేదే?" అన్నారు.

"నందిగామ వెళ్లింది."

"ఇవాళా? ఎవరితో?"

"పిన్నితో. డాక్టరుకి చూపించాలని."

నాన్న ముద్ద కలుపుతూ ఆగి, నా మొహంలో అబద్ధమేమన్నా ఉందేమోనని చూశారు. లేదని తేలాక మళ్లీ కలుపుకోవడం మొదలుపెట్టి, "అయితే రేపటికి పప్పు కూడా నువ్వే నానబెట్టుకో," అన్నారు. "ఇన్నేళ్లది తిట్టుకోవాలిగా, ఒక్క రోజులో తేలదు."